కుడి ఐదు, ఎడమ ఏడు

కొత్త చెప్పుల వాసన నన్ను ఎప్పుడూ తికమక పెడుతుంది. రబ్బరు, జిగురు, కొత్త అట్టపెట్టె అన్నీ కలిసిన వాసన అది. మొన్న దేవరకొండ బస్టాండు దగ్గర కొత్తగా తెరిచిన దుకాణంలో అడుగు పెట్టగానే అదే వాసన ముక్కుకు తగిలింది. లోపల చల్లగా ఉంది. గోడల నిండా అద్దాలు, కూర్చోవడానికి మెత్తటి సోఫా. మెడలో కార్డు వేసుకున్న సేల్స్‌మన్ వచ్చి ఎంతో మర్యాదగా "సైజెంత మేడమ్?" అని అడిగాడు. చాలా మామూలు ప్రశ్న. నా వయసు అడిగినా, జీతం అడిగినా ఠక్కున చెప్పేస్తాను. దీనికి మాత్రం నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాను. అప్పుడు వెనక నుంచి "గట్టిగ చెప్పు బిడ్డా, వాడు చెప్పులమ్మేటోడు, పిల్లను చూసుకునేతందుకు రాలే" అన్నట్టు వినిపించింది. పిచ్చిదానిలా వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆ మాటలన్న బాలమ్మ పెద్దమ్మ పోయి రెండేళ్లు దాటింది.

ముందు నా కాళ్ల సంగతి చెప్పాలి. నా ఎడమ పాదం కుడి పాదం కన్నా చిన్నది. చంటిపిల్లగా ఉన్నప్పుడు వచ్చిన జ్వరం ఒళ్లంతా వదిలినా ఆ కాలిని వదల్లేదట. మాది నారాయణపేట దగ్గర పల్లె. చెప్పులు కొనడానికి పిల్లలను సంతకు తీసుకుపోయే అలవాటు మా వైపు లేదు. పాదం పక్కన చీపురుపుల్ల పెట్టి, మడమ నుంచి బొటనవేలి దాకా కొలిచి, అక్కడికి తుంచి, ఆ ముక్కను జేబులో వేసుకుని నాయిన సంతకు పోయేవాడు. ఊరందరిదీ అదే పద్ధతి. మనిషికి రెండు కాళ్లూ ఒకటే ఉంటాయన్న నమ్మకం మీద నడిచే పద్ధతి అది. మా ఇంట్లో దానితోనే పేచీ. అమ్మ కుడికాలు కొలిచిన ఏడు ఎడమ చెప్పు జారిపోయేది, సుతిలి తాడుతో కట్టుకుని తిరిగేదాన్ని. అవ్వ ఎడమకాలు కొలిచిన ఏడు కుడికాలి వేళ్లు చెప్పు దాటి నేలను తాకేవి. ఏది కొలవాలో వాళ్లిద్దరికీ ఎప్పుడూ తేలలేదు. చివరికి ఒకసారి నాయిన రెండు పుల్లలూ పట్టుకుపోయాడు. "ఇవి ఎవలెవలియి?" అని చెప్పులమ్మే మనిషి అడిగితే, బిడ్డ కాళ్లు రెండు రకాలని చెప్పడానికి నోరు రాక "నాకు ఇద్దరు బిడ్డలు" అన్నాడట. రెండు జతలు తెచ్చాడు. అమ్మ అది విని నవ్విందో ఏడ్చిందో నాకు అర్థం కాలేదు. మిగిలిన రెండు చెప్పులు అటక మీద చాలాకాలం పడి ఉన్నాయి, ఎందుకంటే అవి ఎవరికీ పట్టవు.

ఇదంతా చిన్నతనం కనుక నవ్వుకోవచ్చు. మహబూబ్‌నగర్‌లో కాలేజీ చదువుతున్నప్పుడు జరిగింది నవ్వుకునేది కాదు. హాస్టల్లో ఆడపిల్లలందరూ చందా వేసుకుని నాకోసం పట్నం నుంచి ప్రత్యేకంగా బూట్లు చేయించి తెప్పించారు. మంచి మనసుతోనే చేశారు. కానీ వార్షికోత్సవం రోజు నన్ను వేదిక మీదికి పిలిచి, కుర్చీలో కూర్చోబెట్టి, చప్పట్ల మధ్య తొడిగించారు. ఎదురుగా వందల కళ్లు నా ఎడమకాలి మీదే ఉన్నాయి. ఆ బూట్లు నాకు చక్కగా సరిపోయాయి. ఆ సాయంత్రమే వాటిని స్టోర్ రూమ్ ముందు వదిలేసి, ఒకటి జారుతూ ఒకటి కరుస్తూ ఉండే నా పాత చెప్పులు వేసుకుని గదికి వచ్చేశాను. ఆనాటి నుంచి నా కాళ్ల జోలికి ఎవరు జాలితో వచ్చినా నాకు ఒళ్లు మండేది. సరిపోయే చెప్పులు కావాలి, జాలి మాత్రం వద్దు. ఈ రెండూ కలవని చోటు లోకంలో ఎక్కడుందో తెలియక చాలా ఏళ్లు కుంటుతూనే తిరిగాను.

తెలంగాణ వచ్చిన కొత్తలో దేవరకొండలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెప్పడానికి చేరాను. నేను కిరాయికి తీసుకున్న గదికి గోడ అవతలే బాలమ్మ పెద్దమ్మ ఇల్లు. గొర్లు, మేకలు పెంచే కుటుంబం. గడ్డి తగ్గగానే ఆమె భర్త మల్లయ్య పెదనాయిన, కొడుకు కలిసి మందను అమ్రాబాద్ వైపు తోలుకుపోయేవారు. ఇంట్లో పెద్దమ్మ, కోడలు యాదమ్మ ఉండేవారు, దొడ్లో ఈనిన మేకలు, వాటి పిల్లలు ఉండేవి. పొద్దున్నే గోడ మీదుగా గ్లాసుతో మేకపాలు అందించి "జర కాసుకొని తాగు" అనడమే మొదట మా పరిచయం. పల్చటి మనిషి, పెద్ద గొంతు. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహంలోకి నేరుగా చూసేది.

వానలు తగ్గాక ఒక సంత రోజు చెప్పులు కొనడానికి వెళ్లాను. దుకాణమంటే అప్పుడు టార్పాలిన్ కింద బల్ల. నా సంగతి చెప్పకుండా ఒక్కో జతే అడిగి తొడుగుతున్నాను. ఐదో నంబరు ఎడమకాలికి సరిపోతుంది, కుడికాలు లోపలికి పోదు. ఏడో నంబరు కుడికాలికి పడుతుంది, ఎడమకాలు అందులో ఈదుతుంది. మధ్యలో ఆరు రెండింటికీ కాదు. బల్ల ముందు డబ్బాలు గుట్టయ్యాయి. ఆ మనిషికి చివరికి విషయం అర్థమైంది. గొంతు తగ్గించి, "అయ్యో పాపం, రెండిట్ల ఒక్కొక్కటి తీస్కో తల్లీ, ఒక జత పైసలే ఇయ్యి" అన్నాడు. "నాకేం అక్కర్లేదు" అని విసురుగా లేచాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. పాత చెప్పు సుతిలి ముడి వేసుకోవడానికి వంగితే, పక్కనే ఉల్లిగడ్డల కుప్ప దగ్గర నిలబడి పెద్దమ్మ చూస్తోంది.

"ఏంది బిడ్డా, నీకు ఎడమది చిన్నదా?" అంది, కూరగాయల ధర అడిగినంత మామూలుగా.

నేను సుతిలి ముడి ఇంకాస్త బిగించాను.

"నాకు కుడిది చిన్నది. నీకు ఉల్టా. ఇన్నేండ్లు నేను గూడ గిట్లనే తిప్పలు పడుతున్న. రెండు జతలు తీస్కుందాం, చెరి సగం పైసలు. నీకు ఏవి మిగుల్తయో గవే నాకు సరిపోతయి."

దుకాణం మనిషి ఆమె కాళ్ల వైపు తొంగి చూడబోయాడు. "నా కాలు నువ్వు చూసేదేంది, నాకెరుక లేదా?" అని ఆమె చీర కుచ్చిళ్లు కిందికి జార్చుకుంది. రెండు జతలు కట్టించుకున్నాం. బస్టాండు బెంచీ మీద పక్కపక్కన కూర్చుని పంచుకున్నాం. ఐదో నంబరు ఎడమది, ఏడో నంబరు కుడిది నాకు. ఐదో నంబరు కుడిది, ఏడో నంబరు ఎడమది ఆమెకు. తొడుక్కుని లేచి నిలబడ్డాను. పెద్దయ్యాక నా రెండు పాదాలూ తలవంపు లేకుండా ఒకేసారి చెప్పుల్లో హాయిగా ఉండడం అదే మొదలు. ఎవరి దయా లేదు, నా సగం నేనిచ్చాను. పైగా నాలాంటి మనిషి ఇంకొకరు గోడ అవతలే ఉన్నారు. ఆ రోజు ఇంటిదాకా నడిచి వచ్చాను, ఆటో ఎక్కబుద్ధి కాలేదు. పెద్దమ్మ నా పక్కన మెల్లగా నడుస్తూ వచ్చింది. కొత్త చెప్పులు కరుస్తున్నాయి కాబోలు అనుకున్నాను.

అప్పటి నుంచి ఏటా అదే వరస. రంగు నన్నే చూడమనేది. ఒక ఏడు పంతానికి నీలం పట్టీల మీద పసుపు పువ్వులున్నవి ఏరాను. "ముసల్దానికి గీ పువ్వులేంది? మా ఇంటాయన చూస్తె మందను ఇడిచిపెట్టి వస్తడు" అని నవ్వి, అవే కొనిపించింది. దుకాణంలో మాట్లాడే పని నాకే వదిలేది. నేను గొణిగితే మోచేత్తో పొడిచేది. ఇందాక చెప్పిన పిల్లను చూసుకునే మాట అప్పటిదే. రెండు మూడేళ్లయ్యేసరికి నేనే బల్ల ముందు నిలబడి, "నా కాళ్లు రెండు సైజులు, ఎడమ ఐదు, కుడి ఏడు" అని పదిమందిలో చెప్పడం నేర్చుకున్నాను. చెప్పినందుకు ఏమీ కూలిపోలేదు. దుకాణం మనిషి తలూపి డబ్బాలు తీశాడు. ఇంత సులువైన పనికి ఇన్నేళ్లు ఎందుకు భయపడ్డానో నాకే అర్థం కాలేదు.

బడి పిల్లలను గుట్ట మీది ఖిల్లా చూపించడానికి తీసుకుపోయినప్పుడు ప్రతిసారీ కింద బ్యాగుల కాపలాకు నేనుండేదాన్ని. ఆ ఏడు మాత్రం పైకి బయల్దేరాను. సగం దారిలో బండల మధ్య మేకలు మేపుతూ పెద్దమ్మ కనిపించింది. ఉత్త కాళ్లతో ఉంది, చెప్పులు చేతిలో ఉన్నాయి. "రాళ్ల మీద కొత్తయి అరుగుతయి బిడ్డా" అంది. నాకది సబబుగానే తోచింది. "నువ్వు ఎక్కు, నీకు మంచిగున్నయి గద" అని నన్ను ముందుకు తోసింది. పైనుంచి చూస్తే ఊరంతా కనబడింది. నేను అంత ఎత్తు నుంచి ఏ ఊరినీ చూసి ఎరగను. ఎవరికీ చెప్పకుండా అక్కడ కాసేపు ఏడ్చాను, అది సంతోషమే.

ఆమె పాదం చిన్నదెందుకయిందో మాత్రం నాకు ఎన్నడూ స్పష్టం కాలేదు. ఒకసారి చిన్నప్పుడు పాదం మీద ఎడ్లబండి ఎక్కిందంది. ఇంకోసారి నాలాగే జ్వరమంది. మరోసారి అడిగితే "పుట్టుకతోనే" అని మాట తప్పించింది. అందులో నాకు వింత కనిపించలేదు, ఎందుకంటే ఆమె తన వయసు కూడా అడిగినప్పుడల్లా ఒకటి చెప్పేది.

అనుమానం యాదమ్మ వదిన వల్ల వచ్చింది. ఒక మధ్యాహ్నం దొడ్లో కూర్చుని మేకపిల్లకు పాలు తాపుతూ, మాటల్లో మాటగా "మీ అత్త కుడికాలు" అన్నాను. ఆమె ముఖం చిట్లించింది.

"అత్త కుడికాలుకేమైంది?"

"చిన్నది కదా."

"చిన్నదా? నేను ఎన్నడు చూడలే వదినా. మంచిగనే ఉన్నట్టుంటది. అయినా అత్త కాళ్ల దిక్కు ఎవలు చూస్తరు?"

నా చేతిలో పాలసీసా అలాగే ఉండిపోయింది. మందతో తిరిగొచ్చిన మల్లయ్య పెదనాయినను మాటల్లో పెట్టి అడిగాను. ఆయన చుట్ట పక్కన పెట్టి చాలాసేపు ఆలోచించాడు. "ఏదో ఒక కాలు పొట్టిదే. ఎడమది గావచ్చు" అన్నాడు. ఎడమదైతే నాకు ఉల్టా కాదు, నాలాంటిదే. అప్పుడు మా లెక్క మొత్తం తప్పు. కోడలి మాట నమ్మితే కాళ్లు రెండూ ఒకటే. భర్త మాట నమ్మితే కాలు మారిపోయింది. పెద్దమ్మ మాట నమ్మితే అంతా సరిగ్గానే ఉంది. ఇంత దగ్గర మనుషుల మధ్య ఒక మనిషి పాదం గురించి ఒక్క మాట నిలబడలేదు.

ఆ రాత్రి నాకు వచ్చింది మొదట కోపమే. అది అబద్ధమైతే, ఇన్నేళ్లూ ఆమె ఒక కాలు బిగించుకుని, ఒక కాలు జారుతూ, నా కోసం నడిచింది. నేను కాలేజీలో వద్దని వదిలి వచ్చిన జాలినే ఈమె నాకు తెలియకుండా నా కాళ్లకు తొడిగింది. మరి అది నిజమైతే? ఒక నిజమైన మనిషిని, నాలాంటి ఒక్క మనిషిని, నేను దొంగను చూసినట్టు అనుమానిస్తున్నాను. ఏది నిజమైతే నాకు నయమో నాకే తెలియలేదు.

తేల్చుకుందామని ఒక ఉపాయం పన్నాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం ఆమె మా ఇంటికి వచ్చింది. మామూలుగానే కాళ్లకు చెంబుతో నీళ్లిచ్చాను. కడుక్కుని వాకిట్లో షాబాద్ బండల మీద నడిచి లోపలికి వస్తే తడి అడుగులు పడతాయి, చూస్తే తెలిసిపోతుంది. ఆమె కడుక్కుంది. మొదటి అడుగు పడింది, కుడిది. వంగి చూశాను. రెండోది పడింది. దాన్ని చూసి మొదటిదానితో పోల్చుదామని తల తిప్పేసరికి, కాలుతున్న ఆ బండ మీద మొదటిది ఆరిపోయింది. మూడోదానికీ అంతే. నేల మీద వంగి అటూ ఇటూ వెతుకుతున్న నన్ను ఆమె నిలబడి చూసింది.

"ఏం పోయింది బిడ్డా?"

ఇక ఆగలేక అడిగేశాను. "పెద్దమ్మా, నీ కాళ్లు ఒకసారి చూపియ్యి."

ఆమె నా మొహంలోకి నేరుగా చూసింది. తర్వాత లోపలికి వచ్చి చాపమీద కూర్చుని, కాళ్లు చీర కిందికి ముడుచుకుని, నవ్వింది.

"ఎందుకు, మొక్కుతవా?"

"కాదు, ఊరికే."

"ఊరికే ఎవలన్న కాళ్లు చూస్తరా? మొక్కే దినం వస్తది తియ్, గప్పుడు చూద్దువు. జర మంచినీళ్లియ్యి, గొంతెండుతాంది."

నేను నీళ్లిచ్చాను. ఆ తర్వాత ఎప్పుడూ అడగలేదు. ఆ ఏడు వానలు తగ్గాక ఎప్పటిలాగే ఇద్దరం వెళ్లి రెండు జతలు తెచ్చుకున్నాం. బెంచీ మీద పంచుకునేటప్పుడు నేను కావాలనే రోడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

మళ్లీ ఎండాకాలం వచ్చేసరికి ఒక పొద్దున గోడ మీదికి పాలగ్లాసు రాలేదు. యాదమ్మ వదిన కేక వినిపించింది. నిద్రలోనే పోయిందట. మందతో పోయిన మగవాళ్లు వచ్చేదాకా ఆగారు. నేను బడిలో సెలవు చెప్పి వచ్చేసరికి స్నానం చేయించి, అరుగు మీద పడుకోబెట్టారు. పాదాలకు పసుపు రాశారు. రెండు బొటనవేళ్లు కలిపి తెల్లటి దారంతో కట్టారు. వచ్చినవాళ్లు ఒక్కొక్కరే కాళ్ల దగ్గర వంగి మొక్కి పక్కకు జరుగుతున్నారు.

నా వంతు వచ్చింది. ఆమె చెప్పిన దినం అదే. వేళ్లు కలిపి కట్టిన పాదాలు అవి. ఒక్కసారి తల దించి చూస్తే చాలు, మడమలు సమానంగా ఉన్నాయో లేదో చంటిపిల్లకైనా తెలుస్తుంది. వెలుతురు ధారాళంగా ఉంది. చీర అంచు చీలమండల పైనే ఆగింది. అడ్డేమీ లేదు. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. అప్పుడు నాకు ఏమైందో ఇప్పటికీ సరిగా చెప్పలేను. కళ్లు గట్టిగా మూసుకున్నాను. తడుముకుంటూ చేతులు చాపి, దొరికిన ఒక పాదాన్ని రెండు చేతులతోనూ పట్టుకుని, దాని మీద నుదురు పెట్టాను. చల్లగా ఉంది. పసుపు వాసన వేసింది. ఎవరో ముసలావిడ వెనక నుంచి "రెండు కాళ్లకు మొక్కు బిడ్డా" అంది. నేను ఆ ఒక్క పాదాన్నే పట్టుకుని ఏడ్చాను. అది కుడిదో ఎడమదో కూడా నాకు తెలియదు.

బట్టలతో పాటు ఆ ఏటి చెప్పులు కూడా ఆమె వెంటే పోయాయి. భయమా, గౌరవమా, మొండితనమా, ఎందుకు చూడలేదని చాలాసార్లు నన్ను నేనే అడుక్కున్నాను. చూసి ఉంటే ఆమెకు దయామయి అనో, నాలాంటి మనిషి అనో ఒక పేరు పెట్టి పక్కన పెట్టేసేదాన్నేమో. పెద్దమ్మను అలా పక్కన పెట్టడం నాకు ఇష్టం లేదు. ఇదీ సరైన జవాబు అవునో కాదో తెలియదు. ఒక్కటి మాత్రం మారింది. ఇప్పుడు ఎవరైనా బస్సులో లేచి నాకు సీటిస్తే, నా చేతిలో సంచి అందుకుంటే, అది జాలా కాదా అని నేల మీద వంగి వెతకను. కూర్చుంటాను, సంచి ఇస్తాను.

కొత్త దుకాణంలో ఆ సేల్స్‌మన్ ఇంకా నా ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పెద్దమ్మ పోయాక చెప్పులు కొనడానికి రావడం నాకు ఇదే మొదటిసారి. "నా కాళ్లు రెండు సైజులు, ఎడమ ఐదు, కుడి ఏడు. రెండు జతలు ఇవ్వండి" అన్నాను, అద్దాల ముందు కూర్చున్నవాళ్లందరికీ వినబడేటట్టు. అతను మంచివాడే. కాస్త ఆలోచించి, "ఒక్కొక్కటి విడిగా తీసుకోవచ్చేమో మేనేజర్‌ను అడుగుతాను మేడమ్, మిగిలిన రెండూ మీకు వేస్టు కదా" అన్నాడు. వద్దన్నాను.

"ఇంకొకరు ఉన్నారా మేడమ్?"

"ఉన్నారు. ఇద్దరం."

"వారి సైజు సరిగా తెలుసా? తర్వాత మార్చుకోవడం కుదరదు."

"నాకు మిగిలినవి ఆమెకు సరిపోతాయి" అన్నాను.

ఇంటికొచ్చి నావి తొడుక్కున్నాను. ఐదో నంబరు కుడిదాన్నీ, ఏడో నంబరు ఎడమదాన్నీ గడప పక్కన, ఆమె విడిచే చోట పెట్టాను. అవి ఎవరి సైజో నాకు ఇప్పటికీ తెలియదు.